శ్రీ జిడ్డు కృష్ణమూర్తిగారు : జన్మభూమి పునర్దర్శనము

చిత్తూరు మండలమున పుట్టి దేశదేశములయందు పేరు వడసినవారిలో శ్రీ జిడ్డు కృష్ణమూర్తిగారు అగ్రగణ్యులు. ఆయన బోధలను గూర్చి వ్రాసినవారు చాలమంది గలరు. కాని బాల్యముననే తండ్రిని, తల్లిభాషను, పుట్టినయూరిని పోగొట్టుకొని, పెద్దవాడై మరలివచ్చినపుడు వానిలో దేనిని తిరిగి పొందగలిగెనో, దేనిని పొందలేకపోయెనో తెలుపు కథ మన ప్రాంతమువారు ప్రత్యేకముగా ఎరుగదగినది.

1895వ సంవత్సరము మే నెల 11వ తేదీ రాత్రి, గడియారపు లెక్క ప్రకారము 12వ తేదీ ప్రవేశించిన కొద్దిసేపటికి, మదనపల్లెలో ఒక ఇరుకువీధిలోని చిన్న మేడయింట ఆయన జన్మించిరి. తండ్రి నారాయణయ్యగారు, తల్లి సంజీవమ్మగారు. పురుడు పూజగదిలోనే రావలెనని ఆ యిల్లాలు పట్టుపట్టినదట. పురిటిమైలను అంతగా పాటించు ఆనాటి బ్రాహ్మణ గృహములలో ఇది కనివిని యెరుగని సంగతి. ఎనిమిదవ సంతానమగుటచే బిడ్డకు దేవకీనందనుని పేరే పెట్టిరి. ఆనాటికి మదనపల్లె కడప జిల్లాలోనిది. 1911వ సంవత్సరమున చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు అందులో చేరి, 2022లో జిల్లాలను మరల విభజించువరకు అందే యుండెను.

నారాయణయ్యగారు మద్రాసు విశ్వవిద్యాలయపు పట్టభద్రులు, రెవిన్యూ శాఖలో తాసిల్దారు. ఆచారపరాయణులైనను దివ్యజ్ఞాన సమాజమున చిరకాల సభ్యులు. ఉద్యోగ ధర్మమున కడప, కదిరి మొదలగు చోట్లకు బదిలీలగుచుండుటచే సంసారము ఊరూరు తిరుగుచుండెను. కృష్ణమూర్తికి రెండేండ్ల ప్రాయముననే మలేరియా జ్వరము సోకి పెక్కేండ్లు విడువలేదు. అందుచే చదువు సాగలేదు. బడిలో పంతుళ్లకు ఆ బాలుడు మందమతిగా తోచెను. పలక, బలపము లేని పిల్లవాడు కనబడినచో తన వానికిచ్చి వట్టి చేతులతో ఇంటికి వచ్చుచుండెను. మూడేండ్లు చిన్నవాడైన తమ్ముడు నిత్యానందము చురుకైనవాడు. అన్నదమ్ములకు ఒకరిపై నొకరికి గల ప్రేమ అసాధారణమైనది.

1905వ సంవత్సరము డిసెంబరులో, కడపలో నుండగా, సంజీవమ్మగారు పరమపదించిరి. కృష్ణమూర్తి కప్పటికి పదియేండ్లు. కొన్నియేండ్ల తరువాత ఆయన తన చిన్ననాటి సంగతులు వ్రాసికొనుచు, తల్లి పోయిన పిమ్మట ఒకసారి ఆమె రూపము మేడమెట్లు ఎక్కుచుండగా వెంటబోయి చీర పట్టుకొనబోయితినని, బడికి పోవునపుడు వెనుక ఆమె గాజుల చప్పుడు వినబడుచుండెడిదని వ్రాసిరి. ఎవరేమనుకొన్నను, తల్లిలేని పిల్లలను పెంచినవారికి ఈ మాటలలోని సత్యమేమో వేరుగ చెప్పనక్కరలేదు.

1907వ సంవత్సరాంతమున నారాయణయ్యగారు ఉద్యోగము విరమించిరి. నెలకు 112 రూపాయల పింఛనుతో, తల్లిలేని పిల్లలతో సంసారము జరుగుట కష్టమై, అడయారులోని సమాజ కేంద్రమున ఏదైన పనియు వసతియు ఇప్పింపవలెనని అనిబిసెంటు అమ్మగారికి పలుమార్లు వ్రాసికొనిరి. ఆమె మొదట కూడదనిరి. కడకు అనుమతి దొరకగా, 1909వ సంవత్సరము జనవరి 23వ తేదీన నలుగురు కుమారులతోను, ఒక మేనల్లునితోను అడయారు చేరిరి. ఆవరణకు వెలుపల ఒక పాడుబడిన చిన్న యిల్లు వారికి లభించెను. పిల్లలు మైలాపూరు బడికి రోజును మూడేసి మైళ్లు నడచిపోయి నడచి రావలసియుండెను.

కొద్ది నెలలలోనే ఆ కుటుంబపు గతి మారిపోయెను. సమాజ ప్రముఖులలో నొకరైన లెడ్‌బీటరు దొర అడయారు సముద్రతీరమున సాయంకాలము స్నానము చేయుచున్న పిల్లలలో కృష్ణమూర్తిని చూచి, ఈ బాలునిలో స్వార్థమన్నది లేశమైన లేదని, ఇతడు మహోపదేశకుడు కాగలడని చెప్పెను. లోకమునకు ఒక జగద్గురువు రానున్నాడని సమాజమువారప్పుడు ఎదురుచూచుచుండిరి. ఆ గురువునకు ఈ మదనపల్లె బాలుడే వాహనమగునని వారి విశ్వాసము. పేలుపట్టి, ఎముకలు తేలి, చూచువారికి జాలి పుట్టించు పిల్లవానిని ఏరుకొనుట తోడివారికే ఆశ్చర్యము కలిగించెను. అన్నదమ్ములిద్దరను బడి మాన్పించి, ఆవరణలోనికి తీసికొని, ఆంగ్లము నేర్పి, ఆంగ్ల పద్ధతిని పెంచిరి. 1910వ సంవత్సరము మార్చిలో నారాయణయ్యగారు వారి సంరక్షణను అనిబిసెంటు అమ్మగారికి వ్రాసియిచ్చిరి. పేదరికము, ఆమెపై గల భక్తి, బిడ్డల భవిష్యత్తుపై ఆశ, ఈ మూటిలో ఏది ఎక్కువగా ఆ సంతకము పెట్టించెనో నిర్ణయించుట ఎవరి తరము?

1912వ సంవత్సరారంభమున ఆమె బాలురను రెండవసారి ఇంగ్లండునకు తీసికొనిపోయిరి. అప్పటికే తండ్రి మనసు మారుచుండెను. లెడ్‌బీటరు సాంగత్యము తన బిడ్డలకు తగదని, బిడ్డలు కులాచారమునకును తనకును కూడ దూరమగుచున్నారని ఆయన ఆవేదన. ఆ యేటనే వ్యాజ్యము వేసిరి. మద్రాసు హైకోర్టులో సర్ సి. పి. రామస్వామి అయ్యరుగారు ఆయన పక్షమున వాదించిరి. అనిబిసెంటు అమ్మగారు న్యాయవాదిని పెట్టుకొనక తామే వాదించుకొనిరి. 1913వ సంవత్సరము ఏప్రిలులో తీర్పు తండ్రి పక్షమున వచ్చెను. అప్పీలులోను ఆయనయే గెలిచెను. కాని 1914వ సంవత్సరము మే నెలలో లండనులోని ప్రీవీ కౌన్సిలు ఆ తీర్పులను కొట్టివేసెను. బాలురు ఇంగ్లండులో నుండగా వారి యిష్టమును విచారింపక ఇచ్చిన తీర్పు చెల్లదని వారి నిర్ణయము. కృష్ణమూర్తికి అప్పటికి పందొమ్మిదవ యేడు నిండవచ్చెను. రెండు కోర్టులలో గెలిచిన తండ్రి కడపటి కోర్టులో బిడ్డలను పోగొట్టుకొనెను. ఆ వ్యాజ్యము న్యాయశాస్త్ర గ్రంథముల కెక్కి, బిడ్డల సంరక్షణను గూర్చి వాదించు వకీళ్లు దానిని ఉదహరించుచుందురు. నారాయణయ్యగారికి మాత్రము అది గ్రంథములోని పేజీ కాదు.

తరువాతి యేండ్లు ఇంగ్లండులో గడచెను. కృష్ణమూర్తిగారు లండను విశ్వవిద్యాలయపు ప్రవేశపరీక్షలో మరల మరల తప్పిరి. నిత్యానందముగారు న్యాయవాద పరీక్షలో నెగ్గిరి. ఒకనాడు తెలుగు తప్ప వేరొండు భాష ఎరుగని అన్నగారికి ఆంగ్లమే నాలుకపై నిలిచిపోయి, తెలుగు పూర్తిగా మరపునకు వచ్చెను. పదునాలుగవ యేట మాతృభాష మాట్లాడువారినుండి విడిపోయి, దానిని ఇంట వినక, బడిలో చదువక, కలగలిపి మాటాడువారైనను ప్రక్కన లేక పెరిగినవానికి ఇట్లగుట వింత కాదు. పొట్టచేతపట్టుకొని మారిషసునకును, నేటాలునకును, బర్మాకును పోయిన మన తెలుగువారు సయితము పదిమంది ఒకచోట చేరి పాటలోనో పండుగలోనో భాషను నిలుపుకొనిరి. ఈయనకు అట్టి గుంపు లేకపోయెను.

1921వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన అన్నదమ్ములు బొంబాయి రేవున దిగిరి. తండ్రిని చూచి దాదాపు పదియేండ్లు. అడయారు చేరిన కొలదికాలమునకే వారు మద్రాసులో నున్న తండ్రిగారి దర్శనమునకు వెళ్లిరి. ఇద్దరును సాష్టాంగపడి నుదురు ఆయన పాదముల కానించిరి. ఆ పిమ్మట జరిగినదానిని గూర్చి రెండు కథలు లోకమున వ్యాపించినవి. మ్లేచ్ఛ సంపర్కము గలవారు తాకిరని తండ్రి వెంటనే లేచిపోయి కాళ్లు కడుగుకొనెనని ఒక కథ. అట్లు కాదు, బిడ్డలను చూచిన యానందమున ఆయనకు కన్నీరు వరదయై నోట మాట రాలేదని రెండవది. ఈ రెండవది చెప్పినది పెద్దకుమారుడు శివరాముగారి భార్య. ఆమె అప్పుడక్కడనే యున్నది. మొదటి కథ చెప్పుకొనుటకు రుచిగా నున్నదని పలువురు దానినే చెప్పుదురు గాని, ఆ యింటి కోడలి మాటకంటె వీధిలోనివారి మాట ఎక్కువ కాజాలదు. కోర్టుల చుట్టును తిరిగి బిడ్డలకొరకు అలమటించిన మనుష్యుడు ఏడ్చియుండుననుటయే సహజము.

ఒక్క సంగతి మాత్రము నిజము. తండ్రికి బిడ్డతో చెప్పవలసినది ఎంతయున్నను, అది చెప్పుటకు తొల్లింటి భాష వారి నడుమ లేదు. గెలుపోటములు కోర్టు నిర్ణయింపగలిగినది. ఈ నష్టమునకు అప్పీలు లేదు.

ఆ తరువాత తండ్రీకొడుకులకు సన్నిహితముగా గడుపు భాగ్యము కలుగలేదు. నిత్యానందముగారికి క్షయవ్యాధి కనబడెను. పొడిగాలి మంచిదని వైద్యులు చెప్పగా అన్నదమ్ములు అమెరికాలోని కాలిఫోర్నియాలో ఓహై యను లోయకు పోయిరి. 1924వ సంవత్సరమున నారాయణయ్యగారు కాలము చేసిరి.

మదనపల్లెకు కృష్ణమూర్తిగారు బుద్ధిపూర్వకముగా మరలివచ్చినది 1925వ సంవత్సరము జనవరిలో. తమ్ముడు ఉదకమండలమున విశ్రాంతి తీసికొనుచుండెను. అప్పటికి మదనపల్లెలో అనిబిసెంటు అమ్మగారు నెలకొల్పిన దివ్యజ్ఞాన కళాశాల నడుచుచుండెను. 1919లో రవీంద్రనాథ ఠాకూరుగారు విడిదిచేసి జనగణమనను ఆంగ్లీకరించినది అక్కడనే. కృష్ణమూర్తిగారు వచ్చినది మాత్రము ఒక విశ్వవిద్యాలయము స్థాపించుటకు స్థలము వెదకుటకు. ఊరికి పది మైళ్ల దూరమున తెట్టు లోయ ఆయన కంటబడెను. సముద్రమట్టమునకు 2,500 అడుగుల యెత్తున, చుట్టును గుట్టలు, ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలిచిన బండరాళ్లు, చింతచెట్లు, నడుమ నొక మహా వటవృక్షము. మన రాయలసీమ నేలను ఎరిగినవారికి ఆ బండలలో వింత యేమియు కనబడదు. వర్షము తక్కువ, మెట్టపైరు ఎక్కువ, బావిలో నీరు కనబడినంత కాలమే సంతోషము. దేశములెల్ల తిరిగి, మంచుకొండలను, పచ్చని మైదానములను చూచినవాడు ఈ యెండిన లోయను ఏరుకొనుట గమనింపదగినది. మరుసటి యేడు ఒక ధర్మకర్తల సంఘము నేర్పరచి అక్కడ 300 ఎకరముల భూమి సంపాదించిరి. లోయను కావలి కాచుచున్నట్లుండు ఋషికొండ పేరున దానికి ఋషివ్యాలీ యను నామము కలిగెను.

1925వ సంవత్సరముననే ఘోరము జరిగెను. నిత్యానందముగారిని ఓహైలో విడిచి కృష్ణమూర్తిగారు అడయారు మహాసభకై ఓడ యెక్కిరి. తమ్ముడు బ్రదుకునని ఆయనకు పూర్ణ విశ్వాసము. ఓడ సూయజు కాలువలో ప్రవేశించుచుండగా, నవంబరు 13వ తేదీన తమ్ముడు పోయిన తంతి అందెను. ఓడలో ఆయన గదిలోనే ప్రయాణించిన బి. శివరావుగారు ఆ రాత్రులను గూర్చి తరువాత తెలిపిరి. కృష్ణమూర్తిగారు నిదురలో ఏడ్చుచు, మూలుగుచు, నిత్యా యని పిలుచుచు, ఒక్కొక్కప్పుడు తెలుగులో పలవరించెడివారట. మెలకువలో ఆయనకు రాని భాష అది. పెక్కు సంవత్సరములు ఆంగ్లదేశపు చదువు కప్పిపెట్టినది ఒక్క మరణవార్తతో పైకి వచ్చెను. కదిరిలోను కడపలోను ఇద్దరు పిల్లలు మాటాడుకొన్న తెలుగు అది. అది వినుటకు తగిన మనుష్యుడు అప్పటికి ఓహైలో కన్నుమూసియుండెను.

ఆయన తెలుగు మరల నేర్చికొనలేదు. పిమ్మటి అరువదియేండ్లలో తన జన్మస్థలమునకు పది మైళ్ల దూరమున ఎన్నిమార్లు విడిసినను, చుట్టుపట్ల పల్లెలవారితో స్వయముగా మాటాడు భాష ఆయనకు లేదు.

1929వ సంవత్సరము ఆగస్టు 3వ తేదీన హాలండులోని ఒమ్మెను అనుచోట, వేలమంది సమక్షమున, తనకొరకు నిర్మింపబడిన నక్షత్ర సంఘమును కృష్ణమూర్తిగారు రద్దుచేసిరి. సత్యమునకు బాట వేయరాదని, తనకు శిష్యులు వలదని ప్రకటించి, వచ్చిన ఆస్తులను ఇచ్చినవారికే ఇచ్చివేసిరి. ఆ చరిత్ర పలుచోట్ల లభించును. మన కథకు సంబంధించినంతవరకు దాని ఫలితము ఒకటి: 1933వ సంవత్సరము అనిబిసెంటు అమ్మగారు గతించిన యేడు. ఆ యేటి తరువాత చాలకాలము అడయారు ఆవరణలో ఆయన అడుగుపెట్టలేదు. తండ్రి యిల్లు పోయి పెంచిన యిల్లు దొరకినవానికి, ఆ పెంచిన యిల్లును మూతబడెను.

విశ్వవిద్యాలయపు యోచన కొనసాగకపోయినను ఋషివ్యాలీలో పాఠశాల వెలసినది. జి. వి. సుబ్బారావుగారు ఆ యెండిన నేలలో చెట్లు నాటించి, బడిని నిలబెట్టి, చాలకాలము ప్రధానోపాధ్యాయులుగా నుండిరి. పాఠశాలలు చాలవరకు స్థాపకుని పేరున కాక ఇట్టివారి చెమటతో నిలుచును. రెండవ ప్రపంచయుద్ధకాలమంతయు ఓహైలో నిలిచిపోయిన కృష్ణమూర్తిగారు, దేశము స్వతంత్రమైన 1947వ సంవత్సరమున శరత్కాలమున తిరిగి వచ్చిరి. ఆ పిమ్మట ఇంచుమించు ఏటేట శీతకాలమున ఋషివ్యాలీకి వచ్చి, పిల్లలతోను ఉపాధ్యాయులతోను సంభాషించి, సాయంకాలములు లోయ పొడవునను నడచెడివారు. ఆయన గది కిటికీకి తలపై కిరీటమువంటి కుచ్చుగల పిట్ట యొకటి వచ్చి ముక్కుతో అద్దమును పొడుచుచుండెడిదని, ఆయన దానితో మాటాడుచుండెడివారని చూచినవారు చెప్పుదురు. పిట్టకు తెలుగు రాదు గనుక ఇబ్బంది లేకపోయెను.

చుట్టరికము కూడ ఆ లోయలోనే కొంత మరల అతికినది. అన్నగారు శివరాముగారు మద్రాసులో వైద్యులు. ఆయన కుమారుడు నారాయణ్‌గారు ఋషివ్యాలీలో ఉపాధ్యాయుడై, ఇంగ్లండులోను బోధించి, 1970ల చివర ఆ పాఠశాలకు అధిపతి యయ్యెను. తాతగారి పేరే మనుమనికి. ఏ తాతగారు బిడ్డలకొరకు సముద్రమావలి కోర్టువరకు పోరాడి ఓడిరో, ఆయన మనుమడు ఆ బిడ్డ స్థాపించిన బడిని నడిపెను. కృష్ణమూర్తిగారు బంధుత్వమును గూర్చి ఆచితూచి మాటాడువారు. తన రక్తసంబంధియని ఎవరికిని హక్కు కలుగదని వారి మతము. అయినను పినతండ్రికిని అన్నకుమారునికిని నడుమ ఎన్నో గంటల సంభాషణలు సాగినవని నారాయణ్‌గారు వ్రాసిన జ్ఞాపకములవలన తెలియుచున్నది.

తెలుగు మరొక దారిని ఆ లోయకు వచ్చినది. 1980లలో ఋషివ్యాలీవారు చుట్టుపట్ల పల్లెలలో చిన్నచిన్న బడులు నెలకొల్పి, ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు తమ తమ వేగమున చదువుకొనుటకు తెలుగున పాఠపు కార్డులు తయారు చేసిరి. గొఱ్ఱెలు కాయు పిల్లవాడు ఒక కార్డు ముగించి రెండవది తానే తీసికొనును. ఒకరోజు బడికి రాకపోయినను మరునాడు తాను విడిచినచోటనే మొదలిడును. ఆ పద్ధతి పిమ్మట ఇతర రాష్ట్రములకును వ్యాపించినది. జ్వరము వలన బడికి పోలేక మందమతి యనిపించుకొని దెబ్బలు తిన్న మదనపల్లె బాలునికి ఇట్టి బడి యున్నచో ఎట్లుండెడిదో!

1980వ సంవత్సరము నవంబరు 3వ తేదీన, నలువదియేడు సంవత్సరముల తరువాత, కృష్ణమూర్తిగారు అడయారు ఆవరణలో మరల అడుగుపెట్టిరి. ఆ యేడు సమాజాధ్యక్షురాలైన రాధా బర్నియరుగారు ఆయనను ఆహ్వానించిరి. ఎనుబదియైదేండ్ల వయసున ఆయన ఆ చెట్ల నడుమనుండి సముద్రతీరమునకు నడచిరి. లెడ్‌బీటరు తనను చూచిన తీరమది. అటుపిమ్మట మద్రాసులో నున్నంతకాలము సాయంకాలపు నడకకు అక్కడికే పోవుచుండిరి.

1985వ సంవత్సరము డిసెంబరులో కడపటిసారి ఋషివ్యాలీకి వచ్చిరి. దేహము చిక్కిపోయి, జ్వరము వచ్చుచుండెను. అనుకొన్నదానికంటె ముందుగనే మద్రాసునకు తరలిరి. 1986వ సంవత్సరము జనవరి 4వ తేదీన అక్కడ చివరి ఉపన్యాసమిచ్చిరి. జనవరి 10వ తేదీ సాయంకాలము అడయారు తీరమున నడచి, ఆ రాత్రి ఓహైకి విమానమెక్కిరి. అక్కడ, నిత్యానందముగారు కన్నుమూసిన లోయలోనే, ఫిబ్రవరి 17వ తేదీన తొంబదియవ యేట దేహము చాలించిరి. తనకు స్మారకములు, కర్మకాండలు వలదని ముందే చెప్పియుంచిరి. అస్థులను మూడు భాగములు చేసి ఓహైలోను, ఇంగ్లండులోను, భారతదేశమునను ఉంచదలచిరి. భారతదేశమునకు వచ్చినదానిలో కొంత గంగలోను, కొంత అడయారు సముద్రములోను కలిపిరి.